లీటరుకి 12 రూపాయలు మిగిలితే కిలోమీటరుకి ఎంత మిగిలినట్టు?

ప్రశ్న: మాది మదనపల్లె. టమాటా బాడుగలకు తిప్పే డీజిల్ పికప్ ఉంది, బీఎస్-6 బండి. నెలకు దాదాపు 5,000 కిలోమీటర్లు తిరుగుతుంది. బంకులో డీజిల్ 97 రూపాయలు, హైవే పక్కన ఒకచోట బయోడీజిల్ 85కే ఇస్తున్నారని రెండు నెలలు అదే పోయించాను. 12.5 వచ్చే మైలేజీ 11.5కి పడింది. ఫిల్టర్ రెండుసార్లు మార్చాను, ఒక్కోసారి 1,400. డిసెంబర్‌లో ఒక రాత్రి చెన్నై కోయంబేడు మార్కెట్‌కు లోడుతో పోతుంటే పలమనేరు చేరకముందే బండి ఆగిపోయింది. ఆలస్యమైందని వ్యాపారి బాడుగలో 2,500 కోసేశాడు. వారంటీ ఎలాగూ అయిపోయింది కాబట్టి 20 శాతం మాత్రం కలుపుకుని వాడమంటున్నారు కొందరు. మా బావమరిది బయోడీజిల్ బంకులో వాటా తీసుకుందాం, 3 లక్షలు పెట్టమంటున్నాడు. బంగారం కుదువ పెడితే సరిపోతుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీరు లెక్క రాసుకునే మనిషి కావడం నాకు సగం పని తగ్గించింది. మైలేజీ, ఫిల్టర్ బిల్లు, కోసిన బాడుగ అన్నీ అంకెల్లో ఇచ్చారు. చాలామంది "బాగా మిగులుతోంది సార్" అని మాత్రమే రాస్తారు.

లీటరు ధర పక్కన పెట్టి కిలోమీటరు లెక్కకు వద్దాం. డీజిల్ మీద 97ను 12.5తో భాగిస్తే కిలోమీటరుకు 7 రూపాయల 76 పైసలు. బయోడీజిల్ మీద 85ను 11.5తో భాగిస్తే 7 రూపాయల 39 పైసలు. బోర్డు మీద 12 రూపాయలుగా కనిపించిన తేడా రోడ్డెక్కేసరికి 37 పైసలైంది. మీ బండిలో లోపమేమీ లేదు. నూనెల నుంచి తయారుచేసే ఈ బయోడీజిల్‌లో, స్వచ్ఛమైనదైనా, లీటరుకు ఉండే శక్తే డీజిల్ కన్నా సుమారు 8 శాతం తక్కువ. మీ మైలేజీ సరిగ్గా అంతే పడింది.

37 పైసల చొప్పున 5,000 కిలోమీటర్లకు 1,840 చిల్లర. నెలకో ఫిల్టర్ తీసేస్తే 440. ఆ రాత్రి పోయిన 2,500 కూడా కలిపితే రెండు నెలలకు కలిపి మీరు 1,600 పైచిలుకు నష్టపోయారు. ఆ రోజు మెకానిక్‌కు ఇచ్చింది, రోడ్డు మీద గడిపిన గంటలు ఇందులో వేయలేదు.

ఫిల్టర్లు ఎందుకు పోయాయంటారా? బయోడీజిల్‌కు కడిగే గుణం ఉంది. ట్యాంకు గోడలకు ఏళ్లుగా పట్టిన మడ్డిని కరిగించి ముందుకు తోస్తుంది, అది వెళ్లి ఫిల్టర్‌లో కూర్చుంటుంది. పలమనేరు దారిలో జరిగింది వేరే కథ అనుకుంటున్నాను. మన దేశంలో బయోడీజిల్‌కు పామాయిల్ సంబంధమైన ముడిసరుకు ఎక్కువగా వాడతారు. దాంతో చేసిన ఇంధనం 13–16 డిగ్రీల దగ్గరే మసకబారి మైనంలా కట్టడం మొదలుపెడుతుంది. మీ వైపు డిసెంబర్ రాత్రులు ఎలా ఉంటాయో మీకు నేను చెప్పాలా? షెడ్డులో సీసాలో పెట్టిన బయోడీజిల్ తెల్లారేసరికి అడుగున నెయ్యిలా పేరుకుందని ఉత్తరం చివర రాశారు. ట్యాంకులోనూ అదే జరిగి ఉంటుంది.

"వారంటీ అయిపోయింది కాబట్టి" అన్న మాట దగ్గర మాత్రం నేను ఆగిపోయాను. వారంటీ ఉన్నన్నాళ్లూ తప్పుడు ఇంధనం పోశామని కంపెనీ వాళ్లు పేచీ పెడతారేమోనన్న భయం ఉంటుంది. అది అయిపోయాక పేచీ లేదు, నిజమే, ఎందుకంటే ఖర్చు మొత్తం మీదే. అలాంటి ఇంధనానికి దెబ్బతినే ఇంజెక్టర్ (ఇంజన్‌లోకి ఇంధనం చిమ్మే భాగం) ఒక్కోటి 18 వేలని మీ మెకానిక్ చెప్పాడన్నారు. నాలుగు పోతే 72 వేలు. నెలకు 440 మిగులు మీద ఆ 72 వేలు రాబట్టాలంటే పదమూడేళ్లకు పైనే పడుతుంది. అప్పటికి ఈ బండి ఎవరి దొడ్లో ఉంటుందో!

ఇక 20 శాతం సంగతి. నాలుగు వంతులు డీజిల్, ఒక వంతు బయోడీజిల్ కలిపితే లీటరు 94 రూపాయల 60 పైసలు పడుతుంది. మైలేజీ 12.3 వస్తుందనుకుందాం. కిలోమీటరుకు మిగిలేది 7 పైసలు, నెలకు 345 రూపాయలు. మండీ దగ్గర టీ, టిఫిన్ల ఖర్చు. దానికోసం ఎక్కడ తయారైందో తెలియని సరుకును కామన్ రైల్ ఇంజన్‌కు (ఎక్కువ ఒత్తిడితో సన్నగా ఇంధనం చిమ్మే రకం) తాగించాలా? పైగా బంకు డీజిల్‌లో 7 శాతం దాకా బయోడీజిల్ కలపడానికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) ప్రమాణమే ఒప్పుకుంటుంది. ప్రమాణాలకు సరిపోయేలా కలిపితే దాంతో ఇబ్బంది లేదు.

బయోడీజిల్ చెడ్డదని నేననడం లేదు. బయోడీజిల్ నాణ్యతకు పెట్టిన ఐఎస్ 15607 ప్రమాణానికి తూగే సరుకు మన కాకినాడలోనే తయారవుతుంది. వాడేసిన వంటనూనెను సేకరించి బయోడీజిల్‌గా మార్చే పథకాన్ని కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2018లో మొదలుపెట్టింది, అది మంచి పనే. నా అనుమానమల్లా ఆ 85 రూపాయల మీద. పామాయిల్ ప్యాకెట్ వంద దాటిందని ఇంట్లో అడిగితే చెబుతారు. దానికన్నా చవకైన ముడిసరుకు ఉంటుంది, కానీ వాడేసిన నూనె కూడా ఈ రోజుల్లో ఎవరూ ఊరికే ఇవ్వరు. నూనె కొని, మిథనాల్ కలిపి, గ్లిసరిన్ వేరుచేసి, కడిగి, ఆరబెట్టి, పన్ను కట్టి, ట్యాంకర్‌లో తెచ్చి 85కి అమ్మి లాభం చూసుకోవాలి. ఈ మెట్లలో ఒకటో రెండో ఎగ్గొడితే తప్ప ఆ ధర నాకు అర్థం కావడం లేదు. 2021లో గుజరాత్ ప్రభుత్వం బయోడీజిల్ పేరుతో నడిచే అక్రమ బంకుల మీద దాడులు చేయించింది.

బంకులో వాటాకు నా జవాబు కూడా ఇందులోనే ఉంది. 2018 జాతీయ జీవ ఇంధన విధానం 2030 నాటికి డీజిల్‌లో 5 శాతం బయోడీజిల్ కలపాలంది. ముడిసరుకు కొరతతో దేశం ఆ లక్ష్యానికి చాలా వెనకే ఉంది. కలపడానికే సరుకు చాలని చోట ఒక హైవే బంకుకు రోజూ చవగ్గా ఎక్కడినుంచి వస్తోంది? బావమరిదిని ఈ మాట అడగండి. కోపం తెచ్చుకుంటే కాగితాలు అడగండి: బయోడీజిల్ అమ్మడానికి రాష్ట్రంలో తీసుకున్న రిజిస్ట్రేషన్, సరఫరాదారు ప్రతి లోడుకూ ఇచ్చే ల్యాబ్ రిపోర్టు, కొనుగోలు బిల్లులు. అవి లేని బంకును ఏ రోజైనా సీజ్ చేస్తే మీ 3 లక్షలు ఆ ట్యాంకులోనే ఉండిపోతాయి. బంగారం మీద వడ్డీ మాత్రం ఆగదు. కాగితాలన్నీ ఉన్నా నేను వద్దనే అంటాను. మీ సంపాదన ఇప్పటికే ఒక బండి మీద, ఒక పంట మీద నడుస్తోంది. ఇంట్లో ఉన్న బంగారం ఒక్కటే వాటితో సంబంధం లేని ఆస్తి.

ఈ వారంలో చేయాల్సినవి చెబుతాను. ట్యాంకు ఖాళీ చేయించి కడిగించి, కొత్త ఫిల్టర్ వేయించండి. ఇంకా మడ్డి మిగిలి ఉంటుంది కాబట్టి వెయ్యి కిలోమీటర్ల తర్వాత ఫిల్టర్ మరోసారి చూపించండి. డిప్‌స్టిక్ తీసి ఇంజన్ ఆయిల్ మట్టం కూడా చూడండి. తగ్గకపోగా పెరిగి ఉంటే సంతోషపడకండి, అందులో ఇంధనం కలిసిందన్నమాట. పొగ ఫిల్టర్‌లోని మసిని కాల్చడానికి బీఎస్-6 ఇంజన్లు అదనంగా ఇంధనం చిమ్మించుకుంటాయి. అందులో కొంత ఆయిల్‌లోకి దిగుతుంది. డీజిల్ అయితే ఇంజన్ వేడికి చాలావరకు ఆవిరైపోతుంది, బయోడీజిల్ అంత తేలిగ్గా పోదు. మట్టం పెరిగిందంటే గడువు చూడకుండా ఆయిల్ మార్పించేయండి.

ఆ తర్వాత కిలోమీటరుకు 60 పైసల చొప్పున నెలకు 3,000 బ్యాంకులో రెండేళ్ల ఆర్‌డీలో (నెలనెలా కట్టే పొదుపు) వేయండి. రెండేళ్లకు వడ్డీ కాకుండానే 72 వేలు అవుతుంది, అంటే నాలుగు ఇంజెక్టర్లు. ఆర్‌డీ పాస్‌బుక్ బండిలో పెట్టకండి, ఇంట్లో వాళ్లకివ్వండి.

డీజిల్ మీద మిగల్చాలన్న మీ ఆలోచన మంచిదే, వెతికిన చోటు వేరే ఉండాలి. చెన్నై నుంచి ఖాళీ క్రేట్లతో తిరిగొస్తున్నారు. వాటికి బరువు పెద్దగా ఉండదు. క్రేట్ల పక్కన పట్టేంత సరుకు చిత్తూరుదాకానో పలమనేరుదాకానో నెలకు రెండుసార్లు దొరికినా, 1,500 చొప్పున 3,000. ఆర్‌డీ కంతు అందులోంచే వెళ్లిపోతుంది. కోయంబేడులో మీకు తెలిసిన లారీ ఆఫీసువాళ్లు ఎవరో ఒకరు ఉండే ఉంటారు, ఈసారి వెళ్లినప్పుడు ఫోన్ నంబరిచ్చి రండి.

షెడ్డులో ఉన్న ఆ సీసా పారబోయకండి. బావమరిది వచ్చినప్పుడు పనికొస్తుంది.