తప్పులు పట్టే కుర్రాడికి వీఎఫ్‌ఎక్స్ డిప్లొమా ఎందుకు?

ప్రశ్న: మాది కడప. మా అబ్బాయి ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. ఇంగ్లిష్ సైన్స్ ఫిక్షన్ సినిమాలు చూస్తూ, కథ ఎక్కడ అతకలేదో, ఏ షాట్‌కి ఏ షాట్‌తో పొంతన లేదో నోట్‌బుక్‌లో రాస్తుంటాడు. ఇప్పుడు వీఎఫ్‌ఎక్స్ (సినిమా గ్రాఫిక్స్) డిప్లొమా చేస్తానంటున్నాడు. ఫీజు రెండున్నర లక్షలు. మొన్న కోపమొచ్చి నోట్‌బుక్ బీరువాలో పెట్టి తాళం వేశాను. నాలుగు పేజీల ఫొటోలు పంపుతున్నాను. బీటెక్‌లో చేర్చాలా, డిప్లొమాలోనా?

జవాబు: సార్, మీరు అడిగింది కోర్సు గురించి. మీ టెన్షన్ మాత్రం వేరే. పిల్లాడు సినిమా పిచ్చిలో పడి చదువు చెడగొట్టుకుంటాడేమోనని కదా? ఏటా పరీక్షల ముందు ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. కానీ సినిమా పిచ్చి పట్టినవాడు లెక్కలు వేస్తూ కూర్చోడు. మీవాడు వేశాడు.

రెండో పేజీ చదివారా? ‘గ్రావిటీ’ (2013)లో వ్యోమగాములు హబుల్ టెలిస్కోప్ దగ్గర్నుంచి స్పేస్ స్టేషన్ వైపు వీపుకి తగిలించుకున్న ఒక్క థ్రస్టర్ ప్యాక్ (చిన్న రాకెట్ పరికరం)తో వెళ్లిపోతారు. ఆ సినిమా వచ్చేనాటికి హబుల్ తిరిగింది సుమారు 550 కిలోమీటర్ల ఎత్తులో, స్టేషన్ 400 పైచిలుకు ఎత్తులో. ఈ తేడా చాలామంది చెప్తారు. మీవాడు అక్కడ ఆగలేదు. భూమధ్యరేఖకి హబుల్ కక్ష్య వంపు 28.5 డిగ్రీలు, స్టేషన్‌ది 51.6, కాబట్టి దిశ మార్చుకోవడానికే వేగంలో సెకనుకు సుమారు 3 కిలోమీటర్ల మార్పు కావాలని తేల్చి కింద రెండు గీతలు కొట్టాడు. అది ఫస్టియర్ వెక్టార్ల లెక్కే. ట్యూషన్‌లో ఎవరూ చెయ్యమనకుండా చేశాడు.

అన్నీ ఇంత గట్టివి కావు లెండి. ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’లో 1955 నాటి డాన్స్ సీన్‌లో వాయించే గిటార్ మోడల్ 1958 దాకా రానేలేదన్నది అందరూ చెప్పేదే, ఎక్కడో చూసి ఎత్తి రాసుంటాడు. కాఫీ కప్పు సగమై మళ్లీ నిండటం పట్టుకోవడం కూడా పెద్ద విద్యేమీ కాదు. ఒకే సీన్‌ని రకరకాల టేకులుగా, ఒక్కోసారి రోజుల తేడాతో తీస్తారు. నటన బాగున్న టేక్ దొరికితే, కప్పు సంగతి తెలిసి కూడా ఎడిటర్ వదిలేస్తాడు. ఎందుకు వదిలేశాడన్న ప్రశ్న మీవాడికి రావాలి. వాడికో పని చెప్పండి: ఒక సినిమాలో కథ అతకని చోటు తీసుకుని, కొత్త పాత్రను తేకుండా, ఒక్క పేజీలో అతికించమనండి. తప్పు పట్టడం వేరు, సరిచేయడం వేరు అని వాడికే తెలుస్తుంది.

ఇక మీ సంగతి. నోట్‌బుక్‌కి తాళం వేశారు, ఫోన్ మాత్రం వాడి చేతిలోనే ఉంచినట్టున్నారు. రాసుకునేది లాక్కుని చూసేది వదిలేస్తే ఏం లాభం సార్? ఇవాళే తిరిగివ్వండి. సారీ చెప్పడానికి మనసొప్పకపోతే, ‘ఈ రెండో పేజీ నాకు అర్థం కాలేదు, చెప్పరా’ అనండి చాలు.

డిప్లొమా మీద నాకు అనుమానాలున్నాయి. మీరు పంపిన పేజీల్లో ఒక్క బొమ్మ లేదు. అన్నీ లెక్కలు, బాణం గుర్తులు, ‘ఎలా?’ అన్న ప్రశ్నలు. వీఎఫ్‌ఎక్స్‌లో ఫ్రెషర్లకి ఎక్కువగా దొరికేది రోటో పని. మనిషి అంచు వెంట, వెంట్రుకలతో సహా, గీత గీసి బ్యాక్‌గ్రౌండ్ నుంచి వేరు చేయాలి. సెకనుకు 24 ఫ్రేములు. కథలో తప్పుందా అని అక్కడ వాడిని ఎవరూ అడగరు. పైగా ఆ పనిలోకి ఏఐ వచ్చేస్తోంది. పెద్ద స్టూడియోలకే నిలకడ లేదు. హైదరాబాద్‌లోనూ ఆఫీసు నడిపిన రిథమ్ అండ్ హ్యూస్, 2013 ఫిబ్రవరిలో దివాలా పిటిషన్ వేసిన నెలలోనే ‘లైఫ్ ఆఫ్ పై’కి ఆస్కార్ అందుకుంది. 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే పెద్ద వీఎఫ్‌ఎక్స్ కంపెనీ కుప్పకూలితే, మన పిల్లలు ఎక్కువగా వెళ్లే బెంగళూరులోనూ ఉద్యోగాలు పోయాయి.

ముందు డిగ్రీ కానివ్వండి. బీటెక్కా, బీఎస్సీయా అన్నది ర్యాంకు చూశాక తేల్చుకోవచ్చు, ఇప్పుడే కొట్లాడుకోవద్దు. పుణె ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ (ఎఫ్‌టీఐఐ)లో డైరెక్షన్, ఎడిటింగ్ కోర్సులకైనా డిగ్రీ ఉండాల్సిందే. సినిమా మీద మనసు పోయినా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో పనికొచ్చేది ఈ చూపే.

డిప్లొమా వాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, కిందటేడు చేరిన పిల్లల్లో ఇద్దరి నంబర్లు అడగండి. ఏ పని చేస్తున్నారో, జీతమెంతో వాళ్లనే కనుక్కోండి. ఫీజు రాయితీ ఆదివారంతో అయిపోతుందంటే, అయిపోనివ్వండి.