గుమ్మటాలు గీసే అమ్మాయిని ఏ కోర్సులో చేర్చాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఎప్పుడు చూసినా కుతుబ్ షాహీ సమాధుల గుమ్మటాలు, నక్షత్రాల డిజైన్లు గీస్తుంటుంది. ఇస్లామిక్ కళ, కట్టడాల గురించే చదువుతానంటోంది. ఉద్యోగాలుంటాయా?
– ఒక తండ్రి, హైదరాబాద్

జవాబు: ఉంటాయండి. కాకపోతే ఆ పేరుతో డిగ్రీ వెతక్కండి. ఐదేళ్ల బీఆర్క్ (ఆర్కిటెక్చర్ డిగ్రీ), ఆపైన ఎంఆర్క్ (దాని పీజీ)లో కన్జర్వేషన్, అంటే పాత కట్టడాల పరిరక్షణ, ఇదే గట్టి దారి. ఢిల్లీ, భోపాల్‌లలోని ఎస్‌పీఏల్లో (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) ఈ పీజీ ఉంది. దానికి పీజీ ప్రవేశ పరీక్ష గేట్‌లో ఆర్కిటెక్చర్ పేపర్ రాయాలి. చాలామంది దెబ్బతినేది మాత్రం బీఆర్క్ ప్రవేశం దగ్గరే. విజయవాడ ఎస్‌పీఏ సీటు జేఈఈ మెయిన్ పేపర్ 2ఏ ర్యాంకుతో వస్తుంది, ఆర్కిటెక్చర్‌కే పెట్టే మరో ప్రవేశ పరీక్ష నాటా స్కోరు అక్కడ చెల్లదు. హైదరాబాద్ జేఎన్‌ఏఎఫ్‌ఏయూకు (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ) నాటా కావాలి. అందుకే రెండూ రాయించండి.

ఈలోగా గుమ్మటాన్ని బయటి నుంచి కాక లోపల నిలబడి గీయమనండి. గది చతురస్రం, గుమ్మటం అడుగు గుండ్రం. నాలుగు మూలలకు అడ్డంగా కమాన్లు కట్టి చతురస్రాన్ని ఎనిమిది మూలల ఆకారంగా మారుస్తారు, గుమ్మటం బరువు దాని మీద పడుతుంది. ఆ మూల అర్థమైతే కట్టడం సగం అర్థమైనట్టే.

నక్షత్రం డిజైన్‌కు కోణమాపకం వాడనివ్వకండి. 6 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీసి, వ్యాసాన్ని వృత్తలేఖినితోనే లంబంగా సమద్విఖండన చేస్తే నాలుగు బిందువులు వస్తాయి. ఆ లంబకోణాలను మళ్లీ సగం చేస్తే ఎనిమిది. బిందువు విడిచి బిందువు కలిపితే రెండు చతురస్రాలు ఒకదానిపై ఒకటి పడి నక్షత్రం ఏర్పడుతుంది. అర డిగ్రీ తేడా వచ్చినా బిందువు అర మిల్లీమీటరు జరుగుతుంది. ఒక్క నక్షత్రంలో అది కనపడదు కానీ, పక్కపక్కన పదిసార్లు గీస్తే గీతలు కలవవు. పెన్సిల్ ముక్కు సన్నగా లేకపోయినా అంతే.

ఇక అసలు ఉద్యోగం సున్నంతో. పాత గోడలోకి చేరిన చెమ్మ సున్నపు గచ్చులోంచి మెల్లగా బయటికి ఆరిపోతుంది. పైన సిమెంటు పూస్తే దారి మూసుకుపోయి, లోపల ఉప్పు పేరుకుని, గచ్చు ఉబ్బి పెళ్లలుగా ఊడుతుంది. కుతుబ్ షాహీ సమాధుల దగ్గర 2013లో మొదలైన ఆగాఖాన్ ట్రస్టు పనుల్లో, ఇరవయ్యో శతాబ్దంలో పూసిన సిమెంటును తీసేసి మళ్లీ సున్నం వాడారు. ఇలాంటి ట్రస్టులు, పురావస్తు శాఖలు, వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇంటాక్ సంస్థ, ప్రైవేటు కన్జర్వేషన్ ఆర్కిటెక్టులే ఉద్యోగాలిచ్చేది. మొదట్లో జీతం అపార్ట్‌మెంట్ల డిజైన్ ఆఫీసుల కంటే తక్కువే ఉండొచ్చు, అది ఇంట్లో ముందే మాట్లాడుకోండి.

మరొకటి, శాసనాలు అరబిక్, పర్షియన్‌లో ఉంటాయి. లిపి వచ్చిన ఆర్కిటెక్టులు తక్కువ. ఉర్దూ రాసేదీ దాదాపు ఆ లిపిలోనే, హైదరాబాద్‌లో ఉర్దూ నేర్పేవాళ్లకు కొదవలేదు. పరీక్షలు కాగానే వేసవిలో అక్షరాలతో మొదలుపెట్టించండి.