ఆ 5 ఎక్కడి నుంచి వచ్చింది?

ప్రశ్న: బీఎస్సీ మ్యాథ్స్ రెండో ఏడాది చదువుతున్నాను. ఇంటర్ దాకా తెలుగు మీడియం. లెక్కల్లో ఎప్పుడూ క్లాస్ ఫస్టే. ఇప్పుడు రియల్ అనాలిసిస్ దగ్గర ఆగిపోయాను. థీరమ్‌లు బట్టీ పట్టి రాస్తున్నాను కానీ ఒక్క ప్రూఫ్ కూడా సొంతంగా రావడం లేదు. ఎమ్మెస్సీ ఆలోచన మానేసి ఎంసీఏ చేయమంటున్నారు నాన్న. నాకు నిజంగా లెక్కలు రావా? (ఒక విద్యార్థిని, పల్నాడు జిల్లా)

జవాబు: అమ్మా, నీకు లెక్కలు వచ్చు. ఇంటర్‌లో నేర్చుకున్న పని ఒకటి, ఇక్కడ అడుగుతున్న పని ఇంకొకటి. అక్కడ లెక్క చూడగానే సూత్రం గుర్తుపట్టి నిమిషంలో జవాబు తేల్చాలి. ఇక్కడ జవాబు ముందే చెప్పేసి, అదెందుకు నిజమో చూపించమంటారు. నువ్వు చూసినవన్నీ బోర్డు మీద పూర్తయిన ప్రూఫులే. వాటిని వెతికి పట్టుకోవడం ఎలాగో నీ ఎదుట ఎవరూ చేసి చూపించి ఉండరు.

ఒకటి చేసి చూద్దాం. ఎన్‌వ పదం (3ఎన్ + 1)/(ఎన్ + 2) గా ఉన్న సీక్వెన్స్‌కి లిమిట్ 3 అని, అంటే పదాలు పోనుపోను 3కి ఎంత దగ్గరగా కావాలన్నా చేరతాయని, నిరూపించాలి. గైడులో మొదటి వాక్యమే ఇలా ఉంటుంది: ‘ఎప్సిలాన్ సున్న కంటే పెద్దది. 5/ఎప్సిలాన్ కంటే పెద్దదైన ఒక సహజ సంఖ్యను తీసుకొనుము.’ ఎప్సిలాన్ అంటే 3కి ఎంత దగ్గరగా రావాలో చెప్పే చిన్న దూరం. ఆ 5 ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియక పిల్లలు బట్టీ పడతారు. అది రఫ్ పేజీలో పుట్టింది. పదంలోంచి 3 తీసెయ్యి. పైన 3ఎన్ + 1 − 3ఎన్ − 6, అంటే −5 మిగులుతుంది. కాబట్టి 3కీ ఆ పదానికీ ఉన్న దూరం 5/(ఎన్ + 2). ఈ దూరం 1/100 లోపు ఉండాలని ఎవరైనా అడిగితే ఎన్ + 2 అనేది 500 దాటాలి, 499వ పదం నుంచి సరిపోతుంది. 1/1000 అడిగితే 4999వ పదం నుంచి. ఎంత చిన్న ఎప్సిలాన్ అడిగినా, ఎన్ 5/ఎప్సిలాన్‌ని దాటితే చాలు. రఫ్‌లో చివర తేలిన మాట ఫెయిర్‌లో మొదటి వాక్యమైంది. నీకు ఇన్నాళ్లూ ఫెయిరే కనిపించింది.

రెండో చిక్కు ‘ప్రతి’, ‘ఒక’ అనే మాటల వరసలో ఉంది. ప్రతి తాళానికీ ఒక చెవి ఉంది అనడానికీ, అన్ని తాళాలకీ ఒకే చెవి ఉంది అనడానికీ ఎంత తేడా! లిమిట్ నిర్వచనం మొదటి రకం. ప్రతి ఎప్సిలాన్‌కీ దాని స్థానం దానికి ఉంటుంది. అన్నిటికీ ఒకే స్థానం కావాలన్నావంటే, ఒక పదం దాటాక అన్నీ సరిగ్గా లిమిట్‌కి సమానమైన సీక్వెన్స్‌లే మిగులుతాయి. మనం చూసినది కూడా ఎగిరిపోతుంది. అందుకే ప్రతి నిర్వచనాన్నీ ముందు నీ తెలుగులో పైకి చెప్పుకో, తర్వాత ఇంగ్లీషులో రాయి. తెలుగు మీడియం నుంచి వచ్చానని చిన్నబుచ్చుకోకు, ఇక్కడ అది నీకు పనికొస్తుంది.

ఇలాంటి చోట మహామహులే తడబడ్డారు. అనాలిసిస్‌ని గట్టి పునాది మీద నిలబెట్టిన కోషీ 1821లో తన పాఠ్యగ్రంథంలో ఒక థీరమ్ రాశాడు: కంటిన్యువస్ (గ్రాఫ్ ఎక్కడా తెగని) ఫంక్షన్ల సిరీస్ కన్వర్జ్ అయితే, అంటే ఒక లిమిట్ దగ్గరికి చేరితే, దాని మొత్తం కూడా కంటిన్యువస్ అని. 1826లో ఆబెల్ దానికి లొంగని సిరీస్ ఒకటి చూపించాడు. యూనిఫామ్ కన్వర్జెన్స్ అంటూ నువ్వు చదవబోయే పాఠం ఆ లోటును పూడ్చడానికి వచ్చిందే. కాబట్టి ప్రతి థీరమ్‌లోనూ ఒక షరతు తీసేసి, అది ఎక్కడ కూలుతుందో నువ్వే వెతుకు. క్లోజ్డ్ ఇంటర్వెల్ మీద కంటిన్యువస్ ఫంక్షన్‌కి హద్దు ఉంటుంది. రెండు కొసలూ తీసేసి, 0కీ 1కీ మధ్య 1/ఎక్స్ గ్రాఫ్ గీసి చూడు.

రోజుకి ఒక్క ప్రూఫ్ చాలు. పుస్తకం మూసి అరగంట రఫ్ పేజీతో కూర్చో. రాకపోతే మొదటి రెండు లైన్లు మాత్రం చూసి మళ్లీ మూసెయ్యి. రాసినది స్నేహితురాలికి చదివి వినిపించి, ప్రతి లైనుకీ ‘ఎందుకు?’ అని అడగమను.

నాన్నగారికి ఇలా చెప్పు. ఎంసీఏ మంచి చదువే, ఇష్టపడి వెళితే. ఒక్క పేపర్‌కి భయపడి వెళ్లొద్దు. నాలుగు నెలలు గడువు అడుగు. ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. అందులో 60 ప్రశ్నలు, 100 మార్కులు. వాటిలో పది ప్రశ్నలకి సరైన ఆప్షన్లన్నీ గుర్తిస్తేనే మార్కులు, ఒక్కటి వదిలినా సున్నా. బట్టీ అక్కడ నిలవదు. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష దారి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ తన ప్రవేశ పరీక్షలో ప్రూఫులు రాయమనే అడుగుతుంది. లెక్చరర్ ఉద్యోగం కోరుకుంటే ముందున్న సీఎస్ఐఆర్ నెట్‌లోనూ అనాలిసిస్‌ని తప్పించుకోలేవు. 1993 నుంచి నడుస్తున్న ఎంటీటీఎస్ (మ్యాథమెటిక్స్ ట్రైనింగ్ అండ్ టాలెంట్ సెర్చ్) వేసవి శిక్షణకి తప్పకుండా దరఖాస్తు పెట్టు. అక్కడ పాఠం చెప్పే తీరే ప్రశ్నలతో ఉంటుంది, పిల్లలే ప్రూఫ్ కనుక్కోవాలి. నాలుగు నెలలు నిజాయితీగా కూర్చున్నాక కూడా మనసు పట్టకపోతే అప్పుడు ఎంసీఏకి నిశ్చింతగా వెళ్లు.

ఈ రాత్రికి ఒకటి ఇస్తున్నాను: కన్వర్జెంట్ సీక్వెన్స్‌కి హద్దు ఉంటుందని నిరూపించు. ఎప్సిలాన్‌కి 1 వేసి మొదలుపెట్టు. బయట మిగిలిపోయే పదాలు ఎన్నో లెక్కపెట్టు. రఫ్ పేజీ చింపేయకు, దాన్నే నాకు పంపు.