హెల్త్ రిపోర్టర్ అవుతానంటున్న అమ్మాయిని ఆపాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ చివరి సంవత్సరం చదువుతోంది. తర్వాత జర్నలిజం చేసి ఆరోగ్య రంగం మీద వార్తలు రాస్తానంటోంది. మన దగ్గర ఏ పేపరు ఏ పార్టీదో చిన్నపిల్లలు కూడా చెప్పేస్తారు. ఆరోగ్యశ్రీ గురించి ఒకరు అద్భుతం అని రాస్తే ఇంకొకరు అధ్వానం అని రాస్తారు. ఉన్నది ఉన్నట్టు రాయనిస్తారా? నాకు టెన్షన్‌గా ఉంది. - ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, ఆపకండి. మీ భయం నిజమైనదే, అందుకే ఆ భయం గురించే ముందు మాట్లాడతాను.

ఆరోగ్యశ్రీ 2007లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైంది. విభజన తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వం మారిన ప్రతిసారీ ఎన్టీఆర్ పేరో వైఎస్సార్ పేరో దానికి వచ్చి చేరింది. ఎవరు అధికారంలో ఉన్నా, రెండు రాష్ట్రాల్లోనూ ఈ పథకం కింద వైద్యం చేసే నెట్‌వర్క్ ఆస్పత్రులు ‘ప్రభుత్వం బకాయిలు చెల్లించకపోతే సేవలు ఆపేస్తాం’ అన్న సందర్భాలున్నాయి. మీ అమ్మాయికి ఇదే మంచి కొలబద్ద. ఏ సంస్థలో చేరాలనుకుంటోందో దాని పాత సంచికలు తీసి, రెండు వేర్వేరు ప్రభుత్వాల కాలంలో ఈ బకాయిల వార్త ఎలా వచ్చిందో పక్కపక్కన పెట్టి చూడమనండి. ఏ పేజీలో వేశారు? బకాయి ఎంతో అంకె ఇచ్చారా? వెనక్కి పంపేసిన రోగితో మాట్లాడారా? ప్రభుత్వ వివరణ ఉందా? తేడా ఎక్కడ తక్కువగా కనిపిస్తే అక్కడ దరఖాస్తు పెట్టుకోవాలి.

ఇరుపక్షాల మాటలూ చెరో నాలుగు లైన్లు వేస్తే నిష్పాక్షికత అయిపోతుందని చాలామంది పిల్లలు అనుకుంటారు. నేను ఒప్పుకోను. 2023 ఆగస్టులో కేంద్రం ఆరోగ్య బీమా పథకం ఆయుష్మాన్ భారత్ మీద, ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక పార్లమెంటు ముందుకు వచ్చింది. దాదాపు 7.5 లక్షల మంది లబ్ధిదారులు ఒకే ఫోన్ నంబరుతో నమోదయ్యారని అందులో ఉంది. గుర్తింపు ఆధార్‌తో జరుగుతుంది, చికిత్సకు ఫోన్ నంబరు తప్పనిసరి కాదని కేంద్రం చెప్పింది. నివేదికను మాత్రమే రాస్తే అది కుంభకోణంలా కనిపిస్తుంది. వివరణను మాత్రమే రాస్తే ఏమీ జరగనట్టు ఉంటుంది. మంచి విలేకరి రెండూ రాసి, ఇంకో ప్రశ్న అడుగుతుంది: నంబరే సరైనది కానప్పుడు తన పేరు మీద బిల్లు పెట్టారన్న సంగతి ఆ మనిషికి ఎలా తెలుస్తుంది?

అలాగే 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ చికిత్స పరిమితిని తెలంగాణ 5 లక్షల నుంచి 10 లక్షలకు పెంచింది. అదే నెలలో ఏపీ 25 లక్షలు చేసింది. పరిమితి ఎంత పెరిగిందో అందరూ రాస్తారు. పాత పరిమితి దాటిన బిల్లులు ఏటా ఎన్ని వచ్చాయో అడిగేవాళ్లు కావాలి. మందుల ధరలు, జనరిక్ మందులు చదువుకున్న మీ అమ్మాయికి ఆ ప్రశ్న సహజంగానే తడుతుంది. పార్టీ విలేకరుల దగ్గర లేని బలం అది.

చదువు సంగతి తేలికే. డిగ్రీ అవగానే ఐఐఎంసీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మాస్ కమ్యూనికేషన్) లేదా చెన్నైలోని ఏసీజే (ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజం)లో పీజీ డిప్లొమా చేయొచ్చు, ఉస్మానియాలో ఎంఏ జర్నలిజం ఉంది. రెండు మూడేళ్లు పనిచేశాక ప్రజారోగ్యంలో ఎంపీహెచ్ అనే పీజీ చేస్తే ఇంకా గట్టిపడుతుంది. ఇంగ్లిష్‌లో కూడా రాయడం అలవాటు చేసుకోవాలి. ఒకచోట ఊపిరాడకపోతే ఇంకోచోటికి వెళ్లే దారి అప్పుడే ఉంటుంది.

ఒత్తిడి ఉండదని మీకు అబద్ధం చెప్పను. హెడ్డింగు రిపోర్టర్ చేతిలో ఉండదు, ఆఫీసులో వార్తలు దిద్దే డెస్క్ పెడుతుంది. రాసిన వార్త ఆగిపోయే రోజులూ వస్తాయి. మొదట్లో జీతం తక్కువ, ఫార్మా కంపెనీలో చేరిన స్నేహితురాలితో పోల్చుకుని బాధపడొచ్చు. ఆ రోజుల్లో మీ మాట ఆమెకు చాలా అవసరం అవుతుంది.

ఈ సెలవుల్లోనే ఆ బకాయిల వార్తలు రెండు తీసి, తేడాలు గమనించి ఒక పేజీ రాసి నాకు పంపమనండి. చదివి, ఎక్కడ సరిచేసుకోవాలో తనకే చెప్తాను.