సక్షన్ స్ట్రెయినర్‌తో జాగ్రత్త, చిట్టీ

చిట్టీ,

హాట్ వాటర్ పంపుల కమిషనింగ్, అంటే మొదటిసారి నడిపించే పని, నీకే అప్పగించారని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. మన ఇంటి పిల్ల పంపుహౌస్ నడుపుతుందని మీ పిన్నికి గొప్పగా చెప్పుకున్నాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

వాల్వ్ మీద బాణం గుర్తు ఎటుందో చూడు. ఫ్లో అదుపు చెయ్యాల్సిన చోట గేట్ వాల్వ్ వద్దు, గ్లోబ్ పెట్టించు. ఇవి నీకు తెలిసినవే.

స్ట్రెయినర్, అదే పంపులోకి నీళ్లు వచ్చే పైపులో చెత్త పట్టే జాలీ, దాని కేటలాగులో కేవీ 60 అంటే, 1 బార్ డ్రాప్‌కి (జాలీ దాటేసరికి తగ్గే ఒత్తిడికి) గంటకు 60 ఘనపు మీటర్ల నీళ్లు పోతాయని. నువ్వు 30 పంపితే డ్రాప్ పావు బారే. అమెరికా లెక్కలో సీవీ ఇస్తే, కేవీ కోసం 1.156తో భాగించు. అయితే ఆ లెక్క శుభ్రమైన జాలీకి మాత్రమే!

నేను పనిచేసిన ఒక ప్లాంటులో కాంట్రాక్టరు ఫ్లషింగ్‌కి, అంటే పైపులు కడగడానికి, పెట్టిన సన్న జాలీని సక్షన్ స్ట్రెయినర్‌లో అలాగే వదిలేశాడు. వెల్డింగ్ స్లాగ్, తుప్పు అందులో పేరుకుని కేవీ సగానికి పడిపోయింది. అదే ఫ్లోకి డ్రాప్ నాలుగింతలు, అంటే పావు బార్ కాస్తా 1 బార్. గాలి ఒత్తిడి, ట్యాంకులోని 2 మీటర్ల నీళ్లు కలిపి తోసేదే 1.2 బార్. మిగిలింది 0.2. 80 డిగ్రీల నీళ్లు 0.47 బార్ దగ్గరే మరుగుతాయి కదా, నీళ్లు బుడగలు కట్టి, పంపులో గులకరాళ్లు వేసి తిప్పినట్టు ఒకటే చప్పుడు. అందరూ పంపునే తిట్టారు. సీలు మార్చారు, బేరింగులు మార్చారు. స్ట్రెయినర్‌కి అటూ ఇటూ ఒత్తిడి చూపే గేజీలు లేవు, ఎవరికి తెలుస్తుంది?

చివరికి ఒక ఫిట్టర్ కుర్రాడు స్ట్రెయినర్ క్యాప్ విప్పాడు. వాల్వ్ మూసే ఉంది, కానీ పాసింగ్ అవుతోంది, అంటే లోపల్నుంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. డ్రెయిన్ తెరిచి చూడమని ఎవరూ చెప్పలేదు. మోచేతుల దాకా కాలిపోయాయమ్మా. ఆ అరుపు నాకింకా వినిపిస్తుంది.

మీ లైన్లో గేజీలు ‘తర్వాత పెట్టిస్తాం’ అన్నావట. ఏం తర్వాత? గేజీలు లేకుండా పంపు స్టార్ట్ చెయ్యనని మీ మేనేజరుకి చెప్పు. రెండు గేజీల తేడా 0.4 బార్ దాటగానే ఆపి శుభ్రం చేయించు. సన్న జాలీ నీ కళ్లెదుటే బయటికి రావాలి. డ్రెయిన్ నుంచి నీళ్లు పూర్తిగా ఆగి, పైపు చల్లబడేదాకా ఎవర్నీ క్యాప్ ముట్టుకోనివ్వకు. నువ్వూ ముట్టుకోకు.

కోప్పడ్డాననుకోకు. మన బావి మోటారు నీళ్లు ఎత్తనప్పుడు, ఫుట్‌వాల్వ్ జాలీకి ఆకులు చుట్టుకున్నాయేమో చూడమన్నది నువ్వే, అప్పటికి నీకు పదేళ్లు కూడా లేవు. అందుకే నీ మీద నమ్మకం.

స్ట్రెయినర్ డేటాషీట్ వాట్సాప్‌లో పంపు, నేనూ ఒకసారి లెక్క చూస్తాను.

మీ బాబాయ్