ఎర్త్ పిన్ను పీకేసి, నెత్తిన హెడ్‌ఫోన్స్ పెట్టుకుని

సందేహం: ట్యూబ్ (పాత రేడియోల్లో ఉండే వాల్వు) హెడ్‌ఫోన్ యాంప్లిఫయర్లు రెండు చూశాను. ఒకటి మూడు వేలు, ఇంకోటి పాతిక వేలు. రెండింట్లోనూ ట్యూబులు వెలుగుతున్నాయి. నా హెడ్‌ఫోన్స్ 32 ఓమ్స్. ఏది కొనమంటారు? నా ఫ్రెండ్ తన యాంప్‌లో గుయ్‌మనే హమ్ పోవడానికి ప్లగ్గుకి ఎర్త్ పిన్ను తీసేశాడు. నేనూ అలా చేయొచ్చా?

జవాబు: ముందు పిన్ను సంగతి. వద్దు. మీ ఫ్రెండ్‌కి ఈరోజే ఫోన్ చేసి చెప్పండి. ట్యూబ్ యాంప్ లోపల వంద, రెండు వందల వోల్టులు తిరుగుతుంటాయి. హెడ్‌ఫోన్ జాక్ గ్రౌండు సాధారణంగా యాంప్ ఇనప డబ్బాకే కలిసి ఉంటుంది. లోపల ఒక్క వైరు ఊడి డబ్బాకి తగిలిందా, ఆ కరెంటుకి దారి మీ చెవుల మీదుగానే. ఎర్త్ ఉంటే ఫ్యూజు పోతుంది, అంతే. ప్లగ్ పీకేశాం కదా అని మూత విప్పినా ప్రమాదమే, కెపాసిటర్లలో చార్జి చాలాసేపు ఉంటుంది.

ఇక మూడు వేలది. ఈ రకంలో చాలావాటికి 12 వోల్టుల అడాప్టరే దిక్కు. ట్యూబు నామమాత్రం, బరువు మోసేది పక్కనున్న చిన్న ఐసీ. ఆ నారింజ వెలుగు కూడా చాలాసార్లు కింద అతికించిన ఎల్‌ఈడీదే. స్విచ్ వేయగానే టక్కున వెలిగి, తీయగానే టక్కున ఆరిపోతే అది ట్యూబుని వేడెక్కించే హీటర్ కాదు. వాల్వు రేడియో వేడెక్కి గొంతు విప్పేదాకా కూర్చున్న పెద్దవాళ్లని అడగండి, ఇట్టే పట్టేస్తారు.

పాతిక వేలది అసలు సరుకే కావచ్చు. కానీ అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ లేని ఓటీఎల్ రకమైతే మీకు పనికిరాదు. దాని అవుట్‌పుట్ ఇంపిడెన్స్, అంటే యాంప్ తన లోపలే కరెంటుకి పెట్టే అడ్డు, వంద ఓమ్స్ అనుకోండి. మీ 32 ఓమ్స్ హెడ్‌ఫోన్స్‌కి చేరేది పావు వంతు వోల్టేజి కూడా కాదు. పైగా బేస్ దగ్గర హెడ్‌ఫోన్ ఇంపిడెన్స్ 80కి పెరిగితే అక్కడ శబ్దం 5 డెసిబెల్స్ ఉబ్బుతుంది. దాన్నే కొందరు 'ట్యూబ్ వెచ్చదనం' అని మురిసిపోతారు! అసలు వెచ్చదనం ట్యూబు కలిపే సెకండ్ హార్మోనిక్‌ది, అంటే అసలు స్వరానికి రెట్టింపు ఫ్రీక్వెన్సీ ఉన్న స్వరానిది. ఓటీఎల్ 300 ఓమ్స్ హెడ్‌ఫోన్స్‌కి జోడీ.

మీకు మామూలు ట్రాన్సిస్టర్ యాంప్ చాలు, అవుట్‌పుట్ ఇంపిడెన్స్ 4 ఓమ్స్ లోపు ఉండాలి. ఆ అంకె అట్టపెట్టె మీద వెతికితే దొరకదు. ట్యూబు ఫొటో మాత్రం నాలుగు వైపులా అచ్చేస్తారు.