డెలావేర్‌లో వ్యాపార ట్రస్టుకు సర్టిఫికెట్ ఆఫ్ ట్రస్ట్ ఎందుకు దాఖలు చేయాలి? ట్రస్టు పత్రం ఒక్కటే సరిపోదా?

సరిపోదు. వ్యాపార ట్రస్టు అంటే వాటాదారుల కోసం ట్రస్టీలు ఆస్తిని లేదా వ్యాపారాన్ని నిర్వహించే సంస్థ. అమెరికాలోని డెలావేర్ రాష్ట్రంలో 1988లో వచ్చిన బిజినెస్ ట్రస్ట్ చట్టం (2002 నుంచి దీని పేరు స్టాట్యుటరీ ట్రస్ట్ చట్టం) ప్రకారం, ఈ సర్టిఫికెట్‌ను ఆ రాష్ట్రంలో సంస్థల నమోదు చూసే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో దాఖలు చేసినప్పుడే, లేదా అందులో పేర్కొన్న తర్వాతి తేదీ నుంచే, ట్రస్టు ఏర్పడుతుంది. చట్టం దానిని ప్రత్యేక అస్తిత్వం గల సంస్థగా గుర్తించి, వాటాదారులకు కంపెనీ వాటాదారులతో సమానమైన పరిమిత బాధ్యతను ఇస్తుంది.

ఇంత ఫలితమిచ్చే పత్రంలో ఉండవలసినది మాత్రం చాలా తక్కువ: ట్రస్టు పేరు, సాధారణంగా డెలావేర్‌లో నివాసం లేదా ప్రధాన కార్యాలయం ఉన్న ఒక ట్రస్టీ పేరు, చిరునామా. తొలి సర్టిఫికెట్‌పై ట్రస్టీలందరూ సంతకం చేయాలి. లాభాల పంపకం, ట్రస్టీల అధికారాలు, వాటాల బదిలీ వంటి అసలు షరతులన్నీ పాలక పత్రంలో, అంటే ట్రస్టు పత్రంలో, ఉంటాయి. దానిని సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయంలో దాఖలు చేయనక్కరలేదు కాబట్టి అక్కడి రికార్డుల్లో అవి బయటివారికి కనబడవు. మ్యూచువల్ ఫండ్లు ఈ రూపాన్ని ఇష్టపడటానికి, షరతులను పాలక పత్రంలో తమకు తగినట్టు రాసుకోగల వెసులుబాటు ఒక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

దాఖలు చేసి మరచిపోకూడదు. సర్టిఫికెట్‌లోని ఏ వివరమైనా మారి తప్పుగా నిలిచిందని తెలిసిన ట్రస్టీ వెంటనే సవరణ దాఖలు చేయాలి, ట్రస్టు వ్యవహారాలు ముగిశాక రద్దు పత్రం కూడా సమర్పించాలి.

దీనిని ‘సర్టిఫికేషన్ ఆఫ్ ట్రస్ట్’తో కలపవద్దని ప్రత్యేకంగా కోరుతున్నాను. అది సాధారణంగా కుటుంబ ట్రస్టుల ట్రస్టీ తన అధికారాన్ని చూపడానికి బ్యాంకుకు ఇచ్చే సంక్షిప్త ధ్రువీకరణ మాత్రమే. దానివల్ల ఏ ట్రస్టూ ఏర్పడదు.